తుంగభద్ర ఎడమ గట్టున తెలుగు బాల్యము

కృష్ణా డెల్టాను విడిచి రాయచూరు సీమ నల్లరేగడికి తరలిన కుటుంబములను అచట నిలిపినది కాలువ నీరొక్కటే కాదు. ఇరుగుపొరుగుల ఆదరమును, పిల్లల చొరవయును కూడ.

వలసల చరిత్ర వ్రాయువారు ఎకరముల లెక్కతో మొదలుపెట్టి బస్తాల లెక్కతో ముగింతురు; తమ్మెవరును అడుగకయే పుట్టినూరు విడిచి పెద్దల వెంట నడచిన పసివారి ప్రసక్తి ఆ రెండు లెక్కలలో దేనియందును కానరాదు. గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతములలో తుంగభద్ర ఎడమ కాలువ క్రింద వెలసిన తెలుగు క్యాంపులలో, అనగా వలసవారి పల్లెలలో, ఒకదానియందు పెరిగినవాడనగుటచే, ఆ లోపమును నాకు చేతనైనంత పూరింపవలెనను కోరిక చిరకాలముగా కలదు.

పంపకముల పొలము, క్రొత్త కాలువ

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప వరికి పెట్టినది పేరైన కృష్ణా డెల్టా, ఒక శతాబ్దము గడచునప్పటికి, తరతరముల అన్నదమ్ముల పంపకములలో చిన్న చిన్న కమతములై, మా వంటి కుటుంబములను పోషింపజాలని స్థితికి వచ్చెను. హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వములు కలసి 1945లో పునాది వేసిన తుంగభద్ర ఆనకట్ట 1953లో కాలువలకు నీరు విడుచుటయు, జొన్నయు ప్రత్తియు వానదేవుని దయపై పండించుకొను రాయచూరు సీమ భూములు చౌకగా దొరకుచున్నవను వార్త మా ఊరి రచ్చబండకు చేరుటయు ఇంచుమించు ఒక్కసారే జరిగెను.

గుడివాడలో మీటరుగేజి బండి ఎక్కి, నల్లమల కొండలు దాటి, గుంతకల్లు మీదుగా హోస్పేటలో దిగి, అటనుండి ఎడ్లబండిపై పొలము చేరితిమి. కాలువగట్టుల కొబ్బరినీడలను, బాతుల గుంపులను ఎరిగిన కన్నులకు, దిగంతము వరకు పరచుకొన్న ఆ నల్లని మైదానమును, దాని అంచున ఒండొంటిపై నిలిచిన గుండురాళ్ల కొండలను చూడగనే దిక్కు తోచలేదు.

“చెట్టూ చేమా లేనిచోట పిల్లలు ఎట్లా బతుకుతార్రా?” అని నాయనమ్మ అడిగినది.

“కాలువ వచ్చిందిగా అమ్మా, చెట్లు మనమే పెడదాం” అని నాన్నగారు బదులు చెప్పిరి.

రేగడిలో తొలి అడుగులు

తొలకరి జల్లుకు ఆ రేగడి స్వరూపమే మారిపోయెను. అడుగుకొక పొర చొప్పున అరికాళ్లకు అంటుకొని, పొలము నడుమకు చేరునప్పటికి కాలెత్తుటకు వీలులేనంత బరువై, నన్ను కదలనీయక నిలిపివేసినది. ప్రక్క పొలపు కన్నడ రైతు వచ్చి, నన్ను గట్టుపై కూర్చుండబెట్టి, పుల్లతో ఆ బంకమట్టిని పొరలు పొరలుగా గీకి తీసి, తన ఇంటికి కొనిపోయెను. ఆయన ఇల్లాలు రెండరచేతుల నడుమ చప్పుడగునట్లు తట్టి కాల్చిన జొన్నరొట్టెపై గుత్తివంకాయ కూరయు వేరుసెనగ పొడియు వేసి, “తిన్ను తమ్మా” అని ముందుంచినది. ఆ సీమలో మాకు దక్కిన తొలి ఆతిథ్యమది.

అటుపిమ్మట కన్నడము మా నాలుకలకు అలవడుటకు ఎంతో కాలము పట్టలేదు. భూముల కాగితములు ఉర్దూలో, సంతబేరములు కన్నడములో, ఇంటి మాట తెలుగులో సాగు ఆ దినములలో, పెద్దలు ఇంకను తడబడుచుండగా పిల్లలమే వారికి దుబాసీలమైతిమి. 1956 నవంబరు 1న తెలుగువారికి ఆంధ్రప్రదేశ్ అవతరించగా, అదే దినమున మా క్యాంపులు మైసూరు రాష్ట్రములో చేరినవి. సొంత రాష్ట్రము తమకు దక్కకపోయెనని పెద్దలు పొగిలిరి. అప్పటికే కన్నడ బడిలో స్నేహితులను సంపాదించుకొన్న మాకు ఆ దుఃఖము అంతగా అంటలేదు.

తీర్పవలసిన ఋణము

కాలువ నీటితో వరి పండించి మా క్యాంపులవారు బాగుపడిరి; కాని ఈ విజయగాథకు రెండవ వైపును చెప్పకుండుట ధర్మము కాదు. తుంగభద్ర పథకమును రూపొందించినవారు అధిక భాగము జొన్న, ప్రత్తి వంటి ఆరుతడి పైరులకు నీటిని విస్తారముగా పంచదలచిరి. కాలువ తలభాగమున వరి విస్తరించిన కొలది, సుమారు 227 కిలోమీటర్ల ఆ ఎడమ కాలువ చివరి భూములకు చేరవలసిన నీరు తరిగినది. చౌకగా పొలము అమ్ముకొన్న స్థానిక రైతులలో కొందరు ఆ పొలముననే కూలికి నిలిచిరి. మా గాదెలు నిండుటలో వారి నష్టమునకును పాలు కలదు.

కావున నేడు ఎనుబదులకు చేరువైన మా తరము, తన బాల్యమును కేవలము కష్టించి గెలిచిన కథగా మనుమలకు చెప్పి ఊరకుండరాదు. మమ్ము ఆదరించిన ఇండ్లవారి పేర్లను క్యాంపుల చరిత్రలో మా పేర్ల ప్రక్కనే వ్రాయవలెను. నీరు తక్కువైన ఏట తలభాగమువారే ముందుగా వరి తగ్గించి, చివరి రైతుకు వంతు వదలవలెను. పరాయి నేల మనలను బిడ్డలుగా స్వీకరించిన పిమ్మట, ఆ నేలకు బిడ్డల వలెనే బాధ్యత వహించుట మన విధి.