పిలువకుండానే లేచే ప్రోగ్రాములు

శనివారం సాయంత్రం ఆరాధన క్రమం అచ్చు తీయాలంటే, మా మందిరపు ఆఫీసులో ముందు కంప్యూటరు మీట నొక్కి, టీ తాగడానికి వెళ్లేవారము. తిరిగి వచ్చినా అది ఇంకా లేస్తూనే ఉండేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. బాగుచేసే దుకాణంలో చూపిస్తే, "పాతబడిపోయిందండీ, కొత్తది కొనుక్కోండి" అన్నారు. స్త్రీల సమాజపు గది పైరేకులకని దాచిన కోతపండుగ కానుకలు అందుకు వాడవలసి వస్తుందేమోనని సంఘ పెద్దలు దిగులుపడ్డారు.

సెలవులకు వచ్చిన మా సంఘ యౌవనస్థుడొకడు ఒక చిన్న పట్టిక తెరిచి చూపాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అది చిన్నదిగా కనిపిస్తే "మోర్ డీటెయిల్స్" నొక్కాలి. అందులో "స్టార్టప్" అనే భాగముంది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుండి ఈ పట్టిక అక్కడే ఉంటుంది. విండోస్ 7 వంటి పాతవాటిలో "ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్" అని టైపు చేసి తెరవాలి.

ఆ పట్టికలో పద్నాలుగు పేర్లున్నాయి! ప్రింటరు వెంట వచ్చినది, పాటలు వినిపించేది, ఎప్పుడో ఒక్కసారి వీడియో కూడికకు వాడినది. మనమొక ప్రోగ్రాము పెట్టుకుంటాము, అది మనకు తెలియకుండానే తన పేరు అక్కడ రాసుకుంటుంది. మీట నొక్కగానే అన్నీ ఒక్కసారిగా లేవాలని చూస్తాయి. తిరిగే పళ్లెమున్న పాత హార్డ్ డిస్కు ఒకసారికి ఒక చోటనే చదవగలదు గనుక, అందరికీ వడ్డించలేక సతమతమవుతుంది.

ప్రతి పేరు ఎదుట దాని భారం హై, మీడియం, లో అని ఉంటుంది. అక్కరలేని పేరు మీద మౌసు కుడి మీట నొక్కి "డిసేబుల్" అంటే చాలు. ప్రోగ్రాము చెరిగిపోదు. కావలసినప్పుడు మనమే తెరుచుకోవచ్చు, మనసు మారితే "ఎనేబుల్" అనవచ్చు.

ఇక్కడ మేము తొందరపడ్డాము. కనిపించినవన్నీ ఆపేశాము. మరుసటి శనివారం కాపరిగారు కీర్తన సంఖ్య టైపు చేయబోతే తెలుగు అక్షరం ఒక్కటీ పడలేదు! తెలుగు టైపు చేయించే ప్రోగ్రామును కూడా ఆపేశామని అరగంట తర్వాత గాని గ్రహించలేదు. అంతకంటె పెద్దది ఇంకొకటి. మా బాప్తిస్మపు, వివాహపు రిజిస్టర్ల నకలును ఇంటర్నెట్టులో భద్రపరచే ప్రోగ్రాము కూడా ఆ వారమంతా నిద్రపోయింది. ఆ వారంలోనే డిస్కు పాడై ఉంటే, కొత్తగా ఎక్కించిన రెండు పెండ్లిండ్ల వివరాలు మళ్లీ కాగితాలలో వెదకవలసి వచ్చేది. గనుక పాఠకులారా, వైరస్ నుండి కాపాడేదానిని, నకలు తీసేదానిని, తెలుగు రాయించేదానిని ముట్టుకోకండి. తెలియని పేరుంటే తెలిసినవారిని అడిగేదాకా అలాగే ఉంచండి.

ఇది అన్ని జబ్బులకూ మందు కాదు. డిస్కే అరిగిపోయి ఉంటే దానిని మార్చవలసిందే. మా దానికి మాత్రం ఇది చాలింది. టీ చల్లారకముందే తెర సిద్ధంగా ఉంటోంది. రేకులు కూడా వేయించాము.

ఇప్పుడు నెలకొకసారి ఆ పట్టిక తెరిచి చూస్తున్నాము. పోయిన నెల ప్రింటరు ప్రోగ్రాము మళ్లీ పెట్టించాము కదా, ఆపేసిన పేర్లు రెండు తిరిగి వచ్చి కూర్చున్నాయి.