రికార్డుల అంగడికి రెండవ వాకిలి

వేల్సు రాజధాని కార్డిఫ్‌లో స్పిల్లర్స్ అనే రికార్డుల దుకాణం ఉన్నది. హెన్రీ స్పిల్లర్ దానిని 1894లో స్థాపించినాడు. పాటలు మైనపు గొట్టాలలో అమ్ముడుపోతున్న రోజులవి. గొట్టాలు పోయి లక్క రికార్డులు వచ్చినవి. 1948లో లాంగ్‌ప్లే వచ్చినది. ఆ తరువాత కేసెట్టు, కాంపాక్ట్ డిస్కు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ఇన్ని మార్పులను చూసిన ఆ అంగడికి ప్రపంచంలోకెల్ల ప్రాచీనమైన రికార్డుల దుకాణమని ఖ్యాతి. అమెరికాలో టవర్ రికార్డ్స్ వంటి మహాసంస్థ 2006లో తన దుకాణాలను మూసివేయగా, ఇటువంటి చిన్న అంగళ్ళు కొన్ని నిలబడినవి. దీనికి కారణమేమి?

బల్ల వెనుక నిలబడిన మనిషే కారణమని నాకు తోస్తుంది. వచ్చినవాడు కూనిరాగం తీస్తే ఆయన పాట పేరు చెబుతాడు. అట్ట తీసి, రికార్డును వెలుగులో అటూ ఇటూ వంచి, గీత ఎక్కడ పడినదో చూపుతాడు. “ఇది వద్దు, వచ్చే వారం మంచిది రావచ్చును” అని తన బేరం తానే పోగొట్టుకొంటాడు కూడ! ఆ మాట విన్నవాడు మరల ఆ గుమ్మమే తొక్కుతాడు.

నేడు కొనుగోలుదార్లకు లోటు లేదు. 2022లో అమెరికాలో, 1987 తరువాత మొదటిసారిగా, వినైల్ రికార్డులు కాంపాక్ట్ డిస్కులకంటె అధిక సంఖ్యలో అమ్ముడుపోయినవి. కాని వారిలో పలువురు వీధి వాకిలిలో నుండి రారు. వెబ్‌సైటు అనే రెండవ వాకిలిలో నుండి వస్తారు. 2020లో మహమ్మారి వీధి తలుపులు మూయించినప్పుడు చాల అంగళ్ళకు ఈ రెండవదే దిక్కయినది. ఆ వాకిట బల్ల వెనుక మనిషి లేడు. అతడు చెప్పే మాటలన్నీ పుటలే చెప్పవలసి ఉన్నది.

చెప్పకపోతే ఏమవుతుందో నాకు స్వానుభవం. ఈమని శంకరశాస్త్రిగారి వీణ లాంగ్‌ప్లే కోసం విదేశంలోని ఒక చిన్న అంగడి వెబ్‌సైటులో వెతికినాను. రోమను లిపిలో ‘శాస్త్రి’ని హెచ్ అక్షరంతో వ్రాస్తే లేదన్నది. హెచ్ తీసివేసినాను, ఉన్నదన్నది! ‘ప్రపంచ సంగీతం’ అనే ఒకే అరలో మన వీణా, ఆఫ్రికా మద్దెలా, అరబ్బుల ఊదూ కలిసి పడి ఉన్నవి. పేరు, చిరునామా నింపి, ఖాతా తెరిచి, పైకం కట్టినాను. మూడు రోజులకు జాబు వచ్చినది. ఆ రికార్డు అంతకు వారం ముందే అంగడిలో ఎవరో కొనుక్కొని వెళ్ళినారట! పైకం తిరిగి వచ్చినది గాని వీణ రాలేదు.

గ్రంథాలయ శాస్త్రం చదివిన ఉపాధ్యాయులకు ఇందులోని లోపం వెంటనే బోధపడుతుంది. 1931లో మద్రాసులో వెలువడిన రంగనాథన్‌గారి పంచసూత్రాలలో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయవలెననునది. వెబ్‌సైటును సంస్కరించదలచిన దుకాణదారు రంగుల మాట తరువాత చూచుకొని, మొదట తన పట్టీని సరిచేయవలెను. ఒకే గాయకుని పేరు ఎన్ని విధాల వ్రాస్తారో అన్నిటినీ ఒక్కచోటికి చేర్చవలెను. సుశీల, బాలమురళీకృష్ణ పేర్లను రోమను లిపిలో ఎన్ని తీరుల చూడలేదు? వాడిన రికార్డు విషయంలో మరొక చిక్కు ఉన్నది. కొత్త పుస్తకానికి వంద ప్రతులుండవచ్చును. పాత రికార్డు సాధారణంగా ఒక్కటే. బల్ల మీద అమ్మిన క్షణంలోనే అది తెర మీది పట్టీలో నుండి తొలగిపోవలెను. ఇందుకు బల్ల మీది లెక్కా, తెర మీది లెక్కా ఒకే పుస్తకం కావలెను.

వర్ణన కూడ ముఖ్యమే. మన ప్రోగ్రెసు కార్డులో ‘వెరీ గుడ్’ అంటే పిల్లవాడు ఎగిరి గంతువేస్తాడు. రికార్డుల వర్తకుల పరిభాషలో ‘వెరీ గుడ్’ అంటే చిటపటలు వినబడునని అర్థం; వట్టి ‘గుడ్’ అంటే దానికంటె చాల హీనం! తెలియనివాడు మోసపోయినానని ఏడుస్తాడు. కనుక శ్రేణి పేరు పక్కనే, రెండవ వైపు మొదట గీత కలదని మామూలు మాటలలో వ్రాసి, రికార్డు ఛాయాచిత్రం పెట్టవలెను. పాట ముగిసిన తావున, నడిమి చీటీ చుట్టూ సన్నగా చెక్కిన సంఖ్యను బట్టి అది ఏ ముద్రణమో పోల్చవచ్చును. 2000లో కెవిన్ లెవాండోవ్‌స్కీ ప్రారంభించిన డిస్కాగ్స్ అనే మహాపట్టీ ఇటువంటి వివరాల ఆధారంతోనే ముద్రణలను వేరుపరుస్తుంది. చిన్న అంగడివారు ఆ సంఖ్యను కూడ వ్రాస్తే తెలిసినవాడు ప్రశ్న లేకుండ కొంటాడు.

ఇక పైకం చెల్లింపు. తపాలా ఖర్చు చిట్టచివర బయటపెట్టరాదు; ఖాతా తెరువనిదే సరుకివ్వమనరాదు. ఒక్క నొక్కుతో కొనే పద్ధతికి అమెజాన్ 1999లో పొందిన పేటెంటు గడువు 2017లోనే తీరినది.

ఆ విదేశపు అంగడివారు నిరుడు తమ పుటలను మార్చినారు. హెచ్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి వెతికినాను. రెండుసార్లూ ఒకే జవాబు: ప్రస్తుతం లేదు, వచ్చినప్పుడు జాబు వ్రాయుదుమా? వ్రాయుడని చిరునామా ఇచ్చినాను.