'చెరిష్': ఒక ఆంగ్ల క్రియ అర్థం, ప్రయోగం

ప్రీతిని తెలిపే ఆంగ్ల క్రియలలో 'లవ్' మనకు చిరపరిచితం. 'చెరిష్'ను చాలామంది విద్యార్థులు దానికి పర్యాయపదంగా భావిస్తారు. నిజానికి రెండింటికీ భేదం ఉంది.

లాటిన్‌లో 'కారుస్' అంటే ప్రియమైనది. ఆ మూలం నుండి ఫ్రెంచి ద్వారా ఈ క్రియ ఆంగ్లానికి వచ్చింది. ప్రియమైన దానిని పదిలంగా నిలుపుకోవడం దీని అర్థం. మామిడిపండును 'లవ్' చేయవచ్చు. తిన్న తరువాత మిగలదు గనుక 'చెరిష్' చేయలేము.

తెలుగులో కర్మను బట్టి దీని అర్థం మారుతుంది. బిడ్డనైతే అల్లారుముద్దుగా పెంచడం, జ్ఞాపకాన్నైతే పదిలపరచుకోవడం, ఆశనైతే మనసులో పెంచుకోవడం. ఉర్దూలోని 'అజీజ్ రఖ్‌నా' దీనికి మరింత సన్నిహితం. 'రఖ్‌నా' అంటే ఉంచుకోవడమే కదా!

తెలుగులో 'ప్రేమిస్తున్నాను' అంటాము గనుక 'ఐ యామ్ చెరిషింగ్' అనడం పొరపాటు. ఇది మనఃస్థితిని తెలిపే క్రియ; 'ఐ చెరిష్' అనాలి. మన ఏ.ఎస్. రావు నగర్‌కు ఈ.సి.ఐ.ఎల్. వ్యవస్థాపకులు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరు పెట్టారు. ఈ సందర్భంలో 'వుయ్ చెరిష్ హిజ్ మెమొరీ' అనడం చక్కని ప్రయోగం.

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం పౌరుల ప్రాథమిక విధులను తెలుపుతుంది. స్వాతంత్ర్యోద్యమానికి స్ఫూర్తినిచ్చిన ఉదాత్త ఆదర్శాల గురించి చెబుతూ అందులో ఈ క్రియనే వాడారు. వెంటనే 'ఫాలో' అనే క్రియను జతచేశారు. హృదయంలో నిలుపుకున్నది నడవడిలోనూ కనిపించాలి. ఆదర్శాన్ని మెచ్చుకొని మరచిపోవడం 'చెరిష్' అనిపించుకోదు.