లేకపోవడం వేరు, సున్నా ఉండటం వేరు

పైథాన్ కంప్యూటర్ భాష నేర్చుకునేవారికి మొదట్లోనే ఎదురయ్యే మాట 'డిక్షనరీ'. ఇది పదాలకు అర్థాలు చెప్పే పుస్తకం కాదు. సమాచారాన్ని జంటలుగా దాచుకునే పద్ధతి. ప్రతి జంటలో మొదటిది 'కీ', రెండవది 'వాల్యూ'. కీ చెబితే వాల్యూ దొరుకుతుంది.

ఉదాహరణకు మన హాస్టల్లో లెక్కల పరీక్ష పెట్టారనుకుందాం. రోల్ నంబరు కీ, మార్కులు వాల్యూ. 11వ నంబరుకు 72, 12వ నంబరుకు 0, 14వ నంబరుకు 58 వచ్చాయి. 13వ నంబరు విద్యార్థి జ్వరం వల్ల పరీక్ష రాయలేదు. కాబట్టి ఆ నంబరే డిక్షనరీలో లేదు.

ఇప్పుడు 13వ నంబరు మార్కులు నేరుగా అడిగితే పైథాన్ 'కీ ఎర్రర్' అని చెప్పి ప్రోగ్రాంను ఆపేస్తుంది. వరుసగా లెక్క వేస్తుంటే 14వ నంబరు దాకా వెళ్ళనే వెళ్ళదు. అందుకే కీ ఉందో లేదో ముందుగా చూసుకోవాలి.

దీనికి తేలికైన మార్గం 'ఇన్' అనే మాట. '13 ఇన్ మార్కులు' అని అడిగితే 'ఫాల్స్' అనీ, '12 ఇన్ మార్కులు' అని అడిగితే 'ట్రూ' అనీ జవాబు వస్తుంది. పాత పుస్తకాల్లో ఇందుకు 'హ్యాజ్ కీ' అని ఉంటుంది. 2008లో వచ్చిన పైథాన్ 3.0లో దాన్ని తీసేశారు.

రెండవ మార్గం 'గెట్'. కీ లేకపోయినా ఇది ప్రోగ్రాంను ఆపదు. 'నన్', అంటే ఏమీ లేదు, అని ఇస్తుంది. లేనప్పుడు ఏమివ్వాలో మనమే చెప్పవచ్చు కూడా.

అయితే ఇక్కడే జాగ్రత్త అవసరం. 'గెట్' ఇచ్చిన జవాబును 'ఇఫ్'లో నేరుగా పెడితే, పైథాన్ సున్నాను కూడా 'ఫాల్స్'గానే తీసుకుంటుంది. అప్పుడు పరీక్ష రాసిన 12వ నంబరు కూడా రాయనివారిలో కలిసిపోతుంది. పోనీ, లేనివారికి సున్నా ఇమ్మని చెబితే జ్వరంతో పడుకున్న 13వ నంబరు ఫెయిలైనట్టు కనిపిస్తుంది. ఒకరికి కావలసింది ప్రత్యేక తరగతి, మరొకరికి కావలసింది మళ్ళీ పరీక్ష. ఇద్దరినీ ఒకే గాటన కడితే ఇద్దరికీ అన్యాయమే.

ఇంకొక మాట. 13 అనే అంకె వేరు, కొటేషన్ గుర్తుల మధ్య అక్షరాలుగా రాసిన 13 వేరు. పేరు చివర ఒక ఖాళీ ఎక్కువైనా పైథాన్‌కు అది వేరే కీ. ఉన్న విద్యార్థి లేనట్టు కనిపించడానికి ఇదీ ఒక కారణం.

జాబితాలో అయితే ఒక్కొక్క పేరూ చూసుకుంటూ పోవాలి. డిక్షనరీ మాత్రం 'హ్యాషింగ్' పద్ధతిలో కీ ఉండవలసిన చోటును లెక్కగట్టి దాదాపు నేరుగా అక్కడికే వెళుతుంది. కాబట్టి వేల పేర్లున్నా వెతకడానికి జంకనక్కరలేదు.

కంప్యూటర్ మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. కాబట్టి ముందు 'ఉందా?' అని అడుగుదాం. ఉందని తేలిన తరువాతే 'ఎంత?' అని అడుగుదాం.