రిపోర్టు నార్మల్, పాపకి మాత్రం వినపడదు

నేను డాక్టర్ని కాదండీ, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌ని. అయినా ఈ వారం చెవి సీటీ స్కాన్ గురించి మాట్లాడుతున్నానంటే, ఆ రిపోర్టుని తప్పుగా అర్థం చేసుకుని మేం రెండు నెలలు పోగొట్టుకున్నాం కాబట్టి.

ఇక్కడ అమెరికాలో పుట్టిన మా పాపకి రెండు చెవులూ దాదాపు వినపడవని నెలల పిల్లగా ఉన్నప్పుడే తేలింది. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కి ముందు చెవి చుట్టూ ఉండే కణత ఎముకకి హై రిజల్యూషన్ సీటీ తీశారు. అంతా నార్మల్ అని వచ్చింది. గుంటూరు ఫోన్ చేస్తే మా అమ్మ, "స్కాన్ బాగుందిగా నాన్నా, పసిదానికి కోతలెందుకురా?" అంది. నాకూ అదే నమ్మాలనిపించింది. అపాయింట్‌మెంట్ వాయిదా వేశాను.

అసలా స్కాన్‌లో ఏం చూస్తారు? ఆ ఎముక లోపల సుత్తి, దాగలి, గుర్రపు రికాబు ఆకారాల్లో మూడు బుల్లి ఎముకలుంటాయి. వాటి వెనక నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా. రికాబు ఎముక ఎత్తు సుమారు 3 మిల్లీమీటర్లు, అంటే నువ్వుగింజంత. మామూలు తల సీటీలో ఒక్కో పొర 5 మిల్లీమీటర్ల మందం ఉండొచ్చు. వంకాయని లావుగా కోస్తే పురుగు కనపడకుండా పోతుంది చూడండి, అలాగన్నమాట. ఈ స్కాన్‌లో పొర మందం మిల్లీమీటరు లోపే, 0.6 దాకా ఉంటుంది. కాక్లియా చుట్లు సరిగా ఉన్నాయా, ముఖనరం ఏ దారిన పోతోంది అన్నవి అందులో తెలుస్తాయి. వెస్టిబ్యులర్ ఆక్విడక్ట్ అని ఒక సన్నని కాలువ ఉంటుంది, అది వెడల్పుగా ఉందేమో కూడా చూస్తారు. అలా ఉన్న పిల్లలకి తలకి చిన్న దెబ్బ తగిలినా ఉన్న వినికిడి పడిపోవచ్చు.

కానీ సీటీ చూపించేది ముఖ్యంగా ఎముకని. శబ్దాన్ని నరానికి అందించే రోమకణాలు అందులో కనపడవు. జన్యులోపంతో పుట్టుచెవుడు వచ్చిన పిల్లల్లో చాలామందికి స్కాన్ నార్మల్‌గానే ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే, డబ్బా విప్పి వైర్లు చూశాం గానీ ప్రోగ్రాం నడుస్తోందో లేదో చూడలేదు.

"నార్మల్ అంటే ఎలక్ట్రోడ్ పెట్టడానికి దారి బాగుందని, పాప వింటుందని కాదు" అని సర్జన్ చెప్పేసరికి నా తల తిరిగింది. మెదడు మాట నేర్చుకునేది ఈ మొదటి ఏళ్ళలోనే. 2020 నుంచి ఇక్కడ కొన్ని పరికరాలకి తొమ్మిది నెలల పిల్లలకే అనుమతి ఉంది. మేమేమో చేజేతులా ఆలస్యం చేసుకున్నాం.

రేడియేషన్ సంగతి కూడా అడగండి. పిల్లలకి తగ్గించిన డోసు వాడుతున్నారా అని అడిగితే ఎవరూ తప్పుపట్టరు. స్కాన్ సీడీ ఒకటి తీసుకుని దాచుకుంటే, ఇంకో ఆస్పత్రికి మారినప్పుడు మళ్ళీ తీయించే పని తప్పవచ్చు.

ఇదంతా ఫోన్లో అమ్మకి విడమరిచి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎముక బాగుందన్నారు సరే, మరి నరం ఉందో లేదో చూశారా?" అంది. దానికి ఎంఆర్ఐ తీయాలి. మర్నాడే ఫోన్ చేసి తారీకు తీసుకున్నాను.