ఆస్ట్రేలియాలో ఆముదమునకు ఒక చుట్టము

ఒక మొక్క ఏ కుటుంబమునకు చెందినదో తెలిసికొనుటకు ఆకును, పూవును చూచుట చాలదు. కాయను కోసి చూడవలెను. మీ చేలోని ఆముదమునకు ఆస్ట్రేలియాలోని ఒక పొదతో గల చుట్టరికము ఈ సంగతిని చక్కగా తెలుపును.

ఆ పొదను అచ్చటివారు వెడ్డింగ్ బుష్, అనగా పెండ్లి పొద, అందురు. 1817లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు రెనె దెఫాంతేన్ దీనికి రిసినోకార్పస్ పైనిఫోలియస్ అని పేరు పెట్టెను. ఆముదపు కాయవంటి కాయ, పైన్ చెట్టు ఆకువంటి ఆకు కలది అని దాని అర్థము.

ఉనికి: క్వీన్స్‌లాండు మొదలు టాస్మేనియా వరకు తూర్పుతీర ప్రాంతములలో ఈ పొద సహజముగా పెరుగును. సముద్రతీరపు పొదల బయళ్లును, యూకలిప్టస్ చెట్ల పలుచని అడవులును దీని నివాసములు. అచ్చటి ఇసుక నేలలలో నీరు నిలువదు. భాస్వరము మిక్కిలి తక్కువ.

ఆకులు: పొద సుమారు 1 నుండి 3 మీటర్ల ఎత్తు పెరుగును. ఆముదపు ఆకు అరచేయివలె విచ్చుకొని యుండగా, దీని ఆకు 1 నుండి 4 సెంటీమీటర్ల పొడవున సన్నగా నుండును. ఆకు అంచులు క్రిందికి ముడుచుకొని యుండును. ఇట్టి ఆకులు ఎండకు, గాలికి తేమను త్వరగా కోల్పోవు.

పూత: మనకు వానకాలము ముగియవచ్చు సెప్టెంబరు నెల ఆ దేశమున వసంతము. ఆ రోజులలో పొద నిండ తెల్లని పూలు పూయును. ఆముదమువలెనే ఒకే మొక్కపై మగ, ఆడ పూలు వేరువేరుగా నుండును. ఆముదపు గెలలో మగపూలు క్రింద, ఆడపూలు పైన ఉండును. పెండ్లి పొదలో ఒక్క ఆడపూవు చుట్టు కొన్ని మగపూలు గుత్తిగా నుండును. ఆముదపు పూలకు ఆకర్షణపత్రములు లేవు. దీనికి తెల్లనివి కలవు. పూవు మాత్రమే చూచినవారు ఈ రెండింటిని చుట్టములని అనుకొనరు.

కాయ: ఇక్కడ చుట్టరికము బయటపడును. పెండ్లి పొద కాయ గుండ్రముగా, పైన పొట్టి ముండ్లతో నుండును. అడ్డముగా కోసిన మూడు గదులు, గదికొక గింజ కనబడును. ఆముదపు కాయ కట్టడమును ఇదియే. ఎండిన కాయ చిట్లి గింజలు ఎగిరిపడును. ఆముదపు గింజ కొననుండు మెత్తని బుడిపె వంటిది దీని గింజకును కలదు. ఆ బుడిపె కొరకు చీమలు గింజలను మోసికొనిపోవును.

మన రైతుకు ఉపయోగము: ఇది మనము తెప్పించి వేయవలసిన పంట కాదు, దీనినుండి నేర్చుకొనదగినది గుర్తుపట్టు విధానము. తుంచినపుడు పాలు కారుటయే గుర్తుగా తీసికొన్నచో పొరపడుదురు. రెడ్డివారి నానబాలు మొక్కకు పాలు కలవు, ఆముదమునకు లేవు. అయినను రెండింటి కాయలకును మూడు గదులే. ఆముదము నాశించు దాసరి పురుగు ఈ నానబాలు మొక్కపై గూడ బ్రతుకును. కావున ఆముదము వేయుటకు ముందు గట్లపై కలుపు కాయలను గోటితో చిదిమి చూడుడు. మూడు గదులు కనబడిన, ఆ మొక్క ఆముదపు చుట్టము కావచ్చునని అనుమానించి, ఆకులపై పురుగు కలదేమో పరిశీలింపుడు. నానబాలు మొక్కలను మాత్రము తప్పక పెరికివేయుడు.