'వుడ్ యు మైండ్?' అంటే 'నో' అనాలి, ఎందుకు?

'మైండ్' అంటే మనసు అని అందరికీ తెలుసు. క్రియగా వాడితే అర్థం మారుతుంది. 'మైండ్ ద స్టెప్' అంటే మెట్టు చూసుకొని నడవండి అని. 'నెవర్ మైండ్' అంటే పర్వాలేదు, వదిలేయండి అని.

ఇంటర్వ్యూకి వెళ్లిన పిల్లల్ని 'వుడ్ యు మైండ్ వెయిటింగ్?' అని అడగొచ్చు. 'కాస్త ఆగడానికి అభ్యంతరమా?' అని మర్యాదగా అడగడమన్నమాట. సరేననే ఉద్దేశంతో ఒట్టి 'యెస్' అంటే, మాట ప్రకారం 'అవును, అభ్యంతరమే' అన్నట్టవుతుంది. 'నో, నాట్ ఎట్ ఆల్' అనాలి.

ఉర్దూలో 'బురా తో నహీఁ మానేంగే?' అని అడిగితే 'నహీఁ' అంటారు కదా, ఇదీ అంతే. తికమకగా ఉంటే 'ష్యూర్' అంటే చాలు, పని జరిగిపోతుంది.

ఇంకో సంగతి: 'మైండ్' తర్వాత 'వెయిట్' అనకూడదు, 'వెయిటింగ్' అనే అనాలి.